గున్నమ్మ కడిగిన ఇంజను

పొడుగాటి బ్రష్షును ఇంజను బ్లాకులోని నూనె పారే కన్నంలోకి దూర్చి గున్నమ్మ ముందుకూ వెనక్కూ ఆడిస్తోంది. అటు చివరి నుంచి నల్లటి నీళ్ళు వచ్చి సిమెంటు తొట్టిలో పడుతున్నాయి. బ్రష్షు బయటికి తీసి, కొసను బొటనవేలితో రాసి చూసి, మళ్ళీ దూర్చింది. వేలికి ఇంకా ఇసక తగులుతోంది.

తొట్టిలో ఉన్నది భావనపాడు నుంచి వచ్చిన పడవ ఇంజను. డీజిలుతో కడిగినా, తరవాత వేడినీళ్ళలో సబ్బుపొడి కలిపి కడిగినా, పడవ ఇంజనుకు ముక్కు దగ్గర పెడితే ఉప్పువాసన వేస్తూనే ఉంటుంది. ట్రాక్టరు ఇంజను సందుల్లో గడ్డిపరకలు దొరుకుతాయి. ఇటుకబట్టీ లారీదైతే ఎర్రదుమ్ము. ఏ ఇంజను ఎక్కడ తిరిగి వచ్చిందో ఎవరూ చెప్పకముందే గున్నమ్మకు తెలిసిపోతుంది. ఎక్కడ తిరిగిందో తెలుస్తుంది గాని, తిరుగుతుండగా ఒక్కదాన్నీ ఆమె చూడలేదు.

శ్రీకాకుళంలో నాగావళి పాత వంతెన దిగాక, రోడ్డు మీదికి ఉన్నది నగరేశ్వరరావు గారి స్పేరుపార్టుల కొట్టు. కొట్టు వెనక హాలులో, బ్లాకులో పిస్టన్లు ఆడే గుండ్రటి బోర్లు కోసే బోరింగు మిషను, వాటి గోడలు రాయితో సానపట్టే హోనింగు మిషను, క్రాంకులు సానపట్టే మిషను ఉంటాయి. హాలు వెనక రేకుల పంచ కింద కడుగుడు తొట్లు, గాలి కొట్టే కంప్రెసరు. ఆ పంచే గున్నమ్మ చోటు. అరిగిన ఇంజన్లు విప్పదీసిన ముక్కలుగా ఇక్కడికి వస్తాయి, కొత్త కొలతకు కోయించుకుని, కడిగించుకుని, ప్లాస్టిక్ కవర్లలో చుట్టుకుని గూడ్సు ఆటోల్లో వెళ్ళిపోతాయి. బిగించడం, నడపడం వేరే ఊళ్ళలో, వేరే గారేజీల్లో జరుగుతుంది.

గున్నమ్మ యాభై దాటిన మనిషి, పొట్టి. చీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా వేసుకుని, కొంగు నడుముకు చుట్టి దోపుకుంటుంది. నీళ్ళలో నానీ ఎండీ అరచేతుల చర్మం బీటలు వారింది, ఆ బీటల్లో నలుపు ఉండిపోయింది. కూతురు హేమ ఒక ఆసుపత్రి లాబులో పనిచేస్తుంది. తల్లికోసం రబ్బరు తొడుగులు తెచ్చి పెడుతుంటుంది. గున్నమ్మ పొద్దున్నే అవి తొడుక్కుని పని మొదలుపెడుతుంది, కాసేపటికి తీసి మేకుకు తగిలిస్తుంది. తొడుగులుంటే వేళ్ళకు ఏమీ తెలియదు.

బ్లాకును గాలితో ఆరబెట్టి, తుప్పు పట్టకముందే నూనె రాస్తుండగా పక్క షెడ్డు నుంచి ధర్మేంద్ర పిలిచాడు.

"అత్తా, మజ్జానం స్టార్ట్ సేస్తన్నాను. ఈరోజు పెందలాడే ఎల్లిపోకు."

"ఎల్లను" అంది గున్నమ్మ.

ధర్మేంద్ర బెంగళూరులో రేసుకార్ల గారేజీలో కొన్నాళ్ళు పనిచేసి వచ్చినవాడు. నగరేశ్వరరావు గారి స్థలంలోనే పక్క షెడ్డు అద్దెకు తీసుకుని కార్లు బాగుచేస్తున్నాడు. ఆ షెడ్డులో ఇప్పుడు బూడిదరంగు కారు ఒకటి బానెట్టు తెరుచుకుని నిలబడి ఉంది. అందులో ఉన్న ఇంజనులో గున్నమ్మ చెయ్యి పడని ముక్క లేదు. ఇన్నేళ్ళలో ఆమె కడిగిన ఇంజను ఆమె ఉన్నచోటే తిరగబోవడం ఇదే మొదలు.

ఆమె భర్త ఎర్రన్న ఉద్దానం మనిషి, లారీ డ్రైవరు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆమెను క్యాబిన్లో ఎక్కించుకుని ఇచ్ఛాపురం దాకా తీసుకెళ్ళాడు. క్యాబిన్ మధ్యలో ఇంజను మీద ఇనప మూత, మూత మీద మడతపెట్టిన గోనెసంచి. గున్నమ్మ దాని మీద చెయ్యి పెట్టింది. గోనె కింద ఏదో బతికున్న జంతువు ఊపిరి తీస్తున్నట్టు అదురుతోంది.

"ఇందలో ఏటవుతాది?" అని అడిగింది.

"తిరుగుతాది."

"ఏటి తిరుగుతాది?"

"నీకెందుకే అయన్నీ" అని ఎర్రన్న నవ్వి హారను కొట్టాడు.

తరవాత చాలా ఏళ్ళకు అతని కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానం ఊళ్ళలో చాలామందికి పాడయినట్టే. అతను పోయాక లారీ యజమాని జాలిపడి గున్నమ్మను నగరేశ్వరరావు గారి దగ్గర కడుగుడు పనిలో పెట్టించాడు. చేరిన రోజునే ఆమె బోరింగు మిషను దగ్గరున్న మనిషిని అదే ప్రశ్న అడిగింది. ఆ మనిషి జగన్నాధం. అతను నవ్వలేదు. చేస్తున్న పని ఆపి, ఒక బ్లాకులో వంకీల ఇరుసు లాంటి క్రాంకును కూర్చోబెట్టి, కనెక్టింగు రాడ్డు, పిస్టను తగిలించి, క్రాంకును చేత్తో మెల్లగా తిప్పాడు. పిస్టను బోరులో పైకి వెళ్ళింది, కిందకి వచ్చింది.

"ఇదీ ఇందలో అయ్యేది" అన్నాడు. "పైన నిప్పంటుకుంటాది. అది దీన్ని కిందకి తోస్తాది. కిందున్నది తిరుగుతాది."

"నిప్పెలగుంటాది?"

జగన్నాధం ఆలోచించాడు. "అది నానూ సూడ్నేదు. మూసీసినాక గదా అంటుకుంటాది" అన్నాడు.

ఆ జవాబు గున్నమ్మకు నచ్చింది. తెలియనిది తెలియదని చెప్పే మనిషి దగ్గర ఏదైనా అడగవచ్చు అనుకుంది. అప్పటినుంచి అడుగుతూనే ఉంది. అతను కోస్తాడు, ఆమె కడుగుతుంది. అతని ఇంటికి ఆమె రెండు మూడు సార్లే వెళ్ళింది. అతని భార్య రాజకుమారి పండక్కి అరిసెలు డబ్బాలో పెట్టి పంపిస్తే, ఆ డబ్బాలో గున్నమ్మ తన ఇంటి దగ్గర కాసిన చిక్కుడుకాయలు పెట్టి తిప్పి పంపిస్తుంది. అంతకుమించి రాకపోకలు లేవు. కాని పగలంతా ఎవరి పక్కన గడిచింది అని లెక్క చూస్తే, కట్టుకున్నవాడి పక్కన గడిచినదానికంటే జగన్నాధం పక్కన గడిచిందే ఎక్కువ.

ఈ రోజు అతను ఆలస్యంగా వచ్చాడు. పొడుగు మనిషి. ఏళ్ళ తరబడి మిషను మీదికి వంగి వంగి నడుము పైన ఒక వంపు స్థిరపడింది, కుడి భుజం జారినట్టుంటుంది. మిషన్ల మోతకు ఎడమచెవి దాదాపు పోయింది, అందుకని కొంచెం గట్టిగా మాట్లాడతాడు. వస్తూనే మిషను పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. టీ గ్లాసు అలాగే చల్లారిపోయింది.

"ఏటి బావా, అలగున్నావు?" అంది గున్నమ్మ.

"గ్యాసు పట్టేసినాది. రాత్రి సనగలు తిన్నాను."

నొసటి మీద చెమట తుడుచుకున్నాడు. తరవాత లేచి, పడవ ఇంజను బోర్లలో వేలు పెట్టి చూసి, "బాగుంది" అన్నాడు. ఆ మాట ప్రతి ఇంజనుకూ అంటాడు. అనకపోతే గున్నమ్మ మళ్ళీ కడుగుతుంది.

బూడిదరంగు కారు మొదట వచ్చినరోజు దాన్ని నడుపుకుంటూ వచ్చినామె పేరు అర్చన. విజయనగరంలో వాళ్ళకు ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టుంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. జుట్టు ముడేసుకుని, పైజమా మీద కుర్తా వేసుకుని, హాలులోకి వచ్చి ఒక్కొక్క మిషను దగ్గరా ఆగి అదేమిటో ఇదేమిటో అడిగింది.

"అయ్యగోరు ఎప్పుడొస్తారమ్మా?" అన్నాడు జగన్నాధం.

"ఏ అయ్యగారు?"

"బండి ఆయనదే గదా."

"బండి నాదేనండి" అంది అర్చన. జగన్నాధం తన మంచి చెవి అటు తిప్పి ఇంకోసారి చెప్పించుకున్నాడు.

ధర్మేంద్ర చెప్పింది అంతకంటే వింతగా ఉంది. అది టర్బో ఉన్న నాలుగు సిలిండర్ల పెట్రోలు బండి, పద్దెనిమిది వందల సీసీ. అదే బ్లాకును ఇరవై ఒక్క వందకు పెంచాలి. అదే కంపెనీ డీజిలు బండి క్రాంకు దానిలో కూర్చుంటుంది. పిస్టన్లు, రాడ్లు విదేశం నుంచి తెప్పించారు, ఆ లావు పిస్టన్లు పట్టేట్టు బోర్లు కోయాలి. జగన్నాధం గేజిని బోరులోకి దించి, తిప్పి, ముల్లు చూశాడు.

"ఇది అరగనేదు" అన్నాడు.

"అరగలేదు మావా. పెద్దది సెయ్యడానికే తెచ్చినాం."

"అరగందాన్నెందుకు కొయ్యడం?"

పనిలో చేరిన నాటి నుంచీ అతను చేసింది ఒకటే. బోరు అరుగుతుంది, దాన్ని తరవాతి కొలతకు కోసి గుండ్రంగా చేయాలి, లావు పిస్టను పడాలి, బండి మళ్ళీ కొన్నాళ్ళు నడవాలి. రోగం ఉంటేనే కత్తి. రోగం లేని ఒంటిని కోయమంటే చెయ్యి రాలేదు. రెండు రోజులు ఆ బ్లాకును బల్ల మీదే వదిలేసి అటూ ఇటూ తిరిగాడు. మూడోరోజు గున్నమ్మ చూసేసరికి పాత క్రాంకునూ కొత్త క్రాంకునూ పక్కపక్కన పెట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వంగి చూస్తున్నాడు.

"ఏటి తేడా?" అంది గున్నమ్మ.

"మీ ఇంట్ల తిరగలి ఉన్నాదా?"

"ఉన్నాది."

"పిడి మధ్యకి ఉంటే నీ సెయ్యి సిన్న సుట్టు తిరుగుతాది. పిడి అంచుకి ఉంటే పెద్ద సుట్టు తిరుగుతాది. ఇదీ అంతే. ఈ మోసెయ్యి సూడు, దానికంటే బైటికున్నాది. పిస్టను ఇంకా పైకెల్తాది, ఇంకా కిందకొస్తాది. అంత గాలి పీలుస్తాది, అంత మంట."

"పైకెల్తే పైన మూసిన హెడ్డుకి కొట్టుకోదా?"

జగన్నాధం తల ఎత్తి ఆమెను చూశాడు. అతని మొహంలో రెండు రోజులుగా లేని వెలుగు వచ్చింది. "అందుకే పిస్టన్లు పొట్టిగా సేసినారు. సూడు" అని ఒక పిస్టను తీసి ఆమె చేతిలో పెట్టాడు. బరువు లేదు. ఇంతకుముందు కడిగినవాటికంటే పొట్టి, పిన్ను దూరే కన్నం బాగా పైకి ఉంది.

జగన్నాధం బోర్లు కోశాడు. పైన చోటు దొరికింది గాని కింద దొరకలేదు. పెద్ద చుట్టు తిరిగే రాడ్డు బ్లాకు అడుగు అంచుకు తగులుతోంది. అక్కడ గీరి దారి చేయాలి. ధర్మేంద్ర చేస్తానన్నాడు, జగన్నాధం వాడికి ఇవ్వలేదు. చేతిలో ఇమిడే గ్రైండరుతో కొంచెం గీరి, క్రాంకు వేసి, రాడ్డు బిగించి, తిప్పి, అరచెయ్యి బ్లాకు మీద ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "తగుల్తన్నాది" అనేవాడు. మళ్ళీ విప్పడం, మళ్ళీ గీరడం. గోడ అవతల నీళ్ళు తిరిగే దారి ఉంది, కొంచెం ఎక్కువ గీరితే బ్లాకు పోయినట్టే. గీరిన ప్రతిసారీ రజను, రజను పడిన ప్రతిసారీ గున్నమ్మ తొట్టి. చివరికి తగలడం మానేసినరోజు ఆమె వేడినీళ్ళతో, సబ్బుతో నాలుగు బోర్లూ తోమి, నూనెలో తడిపిన తెల్లగుడ్డతో తుడిచింది. గుడ్డ బూడిదరంగుకు తిరిగింది. మళ్ళీ తోమింది. గుడ్డ తెల్లగానే బయటికి వచ్చేదాకా తోమి, అప్పుడు జగన్నాధాన్ని పిలిచింది.

అర్చన ఆ రోజు అక్కడే ఉంది. పీట లాక్కుని తొట్టి పక్కన కూర్చుంది.

"నీకెందుకమ్మా ఇంత పెద్ద ఇంజను?" అని గున్నమ్మ అడిగింది. "బండి బాగానే నడుస్తన్నాది గదా."

అర్చన పీట ఇంకా దగ్గరికి జరుపుకుంది. "ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెప్పాను పిన్నీ. మా ఆయనకి పాతది పాడయ్యే టైము వచ్చిందన్నాను. నాన్నకి అరకు ఘాటీ ఎక్కడం లేదన్నాను. నిజం ఏంటంటే, ఆ బ్లాకులో ఇంకా ఎంత పడుతుందో చూడాలనిపించింది. ఎక్కడో చదివాను, పడుతుందని. చదివాక ఊరుకోలేకపోయాను."

"అంతేనా?"

"అంతే."

"అది సాలు" అంది గున్నమ్మ గుడ్డ పిండుతూ.

ఇంకోరోజు ధర్మేంద్ర హెడ్డు బిగించే ముందు తల గోక్కుంటూ కూర్చున్నాడు. వాల్వులు తెరుచుకున్నప్పుడు పిస్టనుకు తగలకుండా ఎంత ఎడం ఉందో చూడాలి. దానికి బంకమట్టి తెచ్చుకోవడం మరిచిపోయాడు. సంగతి విని గున్నమ్మ ఎదురుగా ఉన్న టిఫిను బండి దగ్గరికి వెళ్ళి చపాతీపిండి ముద్ద అడిగి తెచ్చింది. ధర్మేంద్ర దాన్ని పల్చగా వత్తి పిస్టను మీద అంటించి, హెడ్డు పెట్టి బిగించి, ఇంజనును చేత్తో తిప్పి, మళ్ళీ విప్పాడు. పిండి మీద వాల్వు అంచుల అచ్చులు రెండు నెలవంకల్లా దిగి ఉన్నాయి. వాటి లోతు కొలుచుకుని అతను సరేనన్నాడు. గున్నమ్మ మాత్రం ఆ పిండిని వంగి చూస్తూ ఉండిపోయింది. మూసిన ఇంజనులో జరిగేది మొదటిసారి ఆమె కంటికి కనిపించింది. జగన్నాధాన్ని పిలిచి చూపించింది. అతను కూడా చాలాసేపు చూశాడు.

ఈ రోజు మధ్యాహ్నం అన్నాలవేళ జగన్నాధం క్యారియరు మూత తీసి, మెత్తళ్ళ చేపల పులుసు గిన్నె గున్నమ్మవైపు జరిపాడు. "నువ్వు తిను. నాకు సయించట్నేదు." ఫోను మోగింది. రాజకుమారి. "తింటన్నాను, తింటన్నాను" అని గట్టిగా చెప్పి పెట్టేశాడు.

"అబద్దమెందుకు?" అంది గున్నమ్మ.

"నిజం సెప్తే ఆసుపత్రికి పదమంటాది. ఇంజను స్టార్టయినాక ఎల్తాను."

"నాను హేమకి ఫోను సేస్తాను. సాయంత్రం తీసుకెల్తాది."

"సరే" అన్నాడు. ఆమె హేమకు ఫోను చేసింది. డ్యూటీ దిగగానే వస్తానంది.

ఎండ కాస్త వాలాక అర్చన బస్సు దిగి, ఆటోలో వచ్చింది. అందరూ షెడ్డులో చేరారు. ధర్మేంద్ర ముందు స్పార్కు ప్లగ్గులు తీసేసి, ఊరికే తిప్పించాడు. నూనె అన్ని దార్లలోకీ ఎక్కాలి అన్నాడు. గున్నమ్మకు ఆ దార్లన్నీ తెలుసు. ఏ కన్నం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో, ఎక్కడ వంపు తిరిగేచోట బ్రష్షు ఇరుక్కుంటుందో తెలుసు. ఇప్పుడు నూనె ఆ వంపు దగ్గర ఉంటుంది, ఇప్పుడు దాటుతుంది అని మనసులో అనుకుంటూ నిలబడింది. గేజి ముల్లు లేచింది. ప్లగ్గులు బిగించాడు. అర్చనను సీట్లో కూర్చోమన్నాడు.

ఇంజను మొదటిసారి దగ్గింది, ఆగిపోయింది. ధర్మేంద్ర ల్యాప్‌టాపులో ఏదో మార్చాడు. రెండోసారి అంటుకుంది.

తెల్లటి పొగ షెడ్డు నిండా కమ్మింది, బిగించేటప్పుడు రాసిన నూనె కాలుతున్న వాసన. గున్నమ్మ చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుందే గాని కదల్లేదు. పొగ పల్చబడ్డాక శబ్దం నిదానించింది. బొంగురుగా, కొంచెం కుంటుతున్నట్టుగా తిరుగుతోంది. టర్బోకు నూనె వెళ్ళే గొట్టం దగ్గర చెమ్మ కనిపిస్తే ఆపించి, గున్నమ్మ లైటు పట్టుకోగా ధర్మేంద్ర దాన్ని బిగించాడు. మళ్ళీ స్టార్టు చేశారు. ఈసారి చెమ్మ రాలేదు.

జగన్నాధం ముందుకు వచ్చి ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. అందరూ అతని మొహం వైపే చూస్తున్నారు.

"తగల్ట్నేదు" అన్నాడు. తరవాత, ఎవరితోనని కాకుండా, "సోటున్నాది దీనికి" అన్నాడు.

పిస్టన్ల చుట్టూ వేసిన కొత్త రింగులు కుదురుకోవాలంటే ఇంజను వేడిగా ఉండగానే రోడ్డు మీద కాస్త బరువు వెయ్యాలట. ధర్మేంద్ర వెనక సీట్లో ల్యాప్‌టాపు పట్టుకుని కూర్చున్నాడు. అర్చన ముందు తలుపు తెరిచి జగన్నాధాన్ని ఎక్కమంది.

"నాకు ఆయాసంగున్నాది. ఇంకోరోజు ఎక్కుతాను. గున్నమ్మని ఎక్కించుకో అమ్మా" అన్నాడతను. గున్నమ్మవైపు తిరిగి, "రోడ్డు మీద ఎలగుంటాదో బాగా సూసొచ్చి నాకు సెప్పు. ఏదీ వొదలకు" అన్నాడు.

గున్నమ్మ డీజిలు మరకల చొక్కా విప్పేసి, కాళ్ళు కడుక్కుని ఎక్కింది. సీటు మాసిపోతుందని అంచున కూర్చుంటే అర్చన వెనక్కి జరగమని బెల్టు తగిలించింది. వంతెన మీద మెల్లగా నాగావళి దాటి, ఊరు దాటి, హైవే ఎక్కి ఎచ్చెర్ల వైపు తిరిగారు. రోడ్డు ఖాళీగా ఉన్నచోట అర్చన కాస్త తొక్కి, పూర్తిగా వదిలేసి, మళ్ళీ తొక్కుతోంది.

"ఎందుకలగ తొక్కతన్నావు, వొదిలేస్తన్నావు?"

"రింగులు బోరు గోడకి ఒరుసుకోవాలి పిన్నీ. ఒకే తీరున పోతే కూర్చోవు."

గున్నమ్మ ఆ గోడలు తలుచుకుంది. వాటి మీద హోనింగు రాయి గీసిన సన్నని అడ్డగీతలు. తెల్లగుడ్డ వాటి మీద జారుతుంటే వేళ్ళకు తగిలే గరుకు. అర్చన ఇంకొంచెం తొక్కింది. సన్నగా ఈల మొదలైంది.

"ఆ ఈల ఏటి?"

"టర్బో. బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం కొత్తగాలిని లోపలికి తోస్తుంది."

"పోయే పొగతోనా?"

"పోయే పొగతోనే."

పారబోసే దానితో ఇంత పనా అనుకుంది గున్నమ్మ. ఈల పెరిగింది. ఎవరో రొమ్ము మీద అరచెయ్యి పెట్టి మెత్తగా వెనక్కి నెట్టినట్టు వీపు సీటుకు అతుక్కుంది. రోడ్డు పక్క సరుగుడు చెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆమెకు నవ్వొచ్చింది. ఎందుకో తెలియలేదు. అరికాళ్ళ కింద ఆ అదురు తెలుస్తోంది, కాని లారీలో తెలిసినట్టు కాదు. అప్పుడు మూత కింద ఏముందో ఆమెకు తెలియదు. ఇప్పుడు ప్రతి ముక్కా తెలుసు, అయినా ఇది వాటన్నిటినీ కలిపితే వచ్చేదిలా లేదు. అదెలాగో జగన్నాధాన్ని అడగాలి అనుకుంది.

యూనివర్సిటీ గేటు దగ్గర రోడ్డు దాటుతున్న పిల్లల కోసం ఆగి, వెనక్కి తిప్పారు. వెనక సీట్లో ధర్మేంద్ర అంకెలు చూసుకుంటూ "బాగుంది, బాగుంది" అంటున్నాడు.

కారు ఆగగానే గున్నమ్మ హాలులోకి వెళ్ళింది. జగన్నాధం మిషను పక్క కుర్చీలో, తల గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఎండ ఏటవాలుగా అతని ఒళ్ళోకి పడుతోంది. ఆమె పీట లాక్కుని కుడివైపు, వినిపించే చెవి వైపు కూర్చుంది.

"బావా, ఎచ్చెర్ల దాకా ఎల్లొచ్చినాం" అని మొదలుపెట్టింది. వంతెన మీద ఎలా ఉందో చెప్పింది. తొక్కడం, వదలడం చెప్పింది. రింగులు ఎందుకలా ఒరుసుకోవాలో చెప్పింది. "వొదిలీసినప్పుడు వెనక ఏదో గురగురలాడతాది. తొక్కితే పోతాది. సీట్ల కూసుంటే కాళ్ళకి ముందు తెలస్తాది, తరవాత ఈపుకి. అదురు ఇలగుంటాది" అని, ఎలా ఉంటుందో చూపించడానికి అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

చెయ్యి వెచ్చగానే ఉంది. కాని దానిలో అతను లేడు. ఎర్రన్న చెయ్యి కూడా ఒక తెల్లవారుజామున ఇలాగే ఉండింది.

గున్నమ్మ ఆ చెయ్యి వదల్లేదు. అతని ఛాతీ వైపు చూసింది, చాలాసేపు చూసింది. ఏదీ వదలకుండా చెప్పమన్నాడు. ఇంకా ఈల గురించి చెప్పలేదు.

"ఈలేస్తాది బావా" అంది, అతని చెవి దగ్గరగా వంగి. "పోయే పొగే సక్రాన్ని తిప్పుతాదట. ఆ సక్రం మళ్ళీ గాలిని లోపలికి తోస్తాదట. అప్పుడు రొమ్ము మీద సెయ్యేసి నెట్టినట్టుంటాది. నాకు నవ్వొచ్చినాది. నువ్వు కోసింది ఎక్కడా తగల్ట్నేదు. ధర్మేంద్ర కూడా బాగుందన్నాడు."

చెప్పడం అయిపోయింది. అప్పుడు లేచి, గుమ్మం దాకా నడిచి, ధర్మేంద్రను పిలిచింది.

అర్చనే కారు తీసింది. అదే కారులో అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెనక సీట్లో ధర్మేంద్ర అతని తలను ఒళ్ళో పెట్టుకుంటే, ఆమె మెల్లగా, ఈల రాకుండా నడిపింది. అక్కడి డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. రాజకుమారికి ఎవరు చెప్పాలని మగవాళ్ళు మొహాలు చూసుకుంటుంటే గున్నమ్మే చెప్పింది. రాజకుమారి వరండాలో బెంచీ మీద కూర్చుని, "మజ్జానం అన్నం తిన్నాడా?" అని అడిగింది. గున్నమ్మ ఆమె పక్కన కూర్చుంది. హేమ వచ్చి ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. కొడుకులు వచ్చి అంబులెన్సు మాట్లాడి తండ్రిని ఇంటికి తీసుకెళ్ళారు.

దీపాలు పెట్టే వేళకు గున్నమ్మ హాలు సర్ది తాళం వెయ్యడానికి తిరిగి వచ్చింది. నగరేశ్వరరావు గారు కొట్టు మూసి, జగన్నాధం ఇంటికి బయలుదేరుతూ, ఈ పూటకు వదిలెయ్ అన్నారు. ఆమె లోపలికి వెళ్ళి లైటు వేసింది. క్రాంకు మిషనుకు గుడ్డ కప్పింది. కంప్రెసరులో మిగిలిన గాలి వదిలింది. తరవాత బోరింగు మిషను దగ్గరికి వచ్చి ఆగింది.

కుర్చీలోంచి అతన్ని ఎత్తేటప్పుడు జారిపోయి ఉంటాయి, ఎవరూ చూసుకోలేదు. కుర్చీ కింద జగన్నాధం చెప్పులున్నాయి. ఒక చెప్పు తిరగబడి ఉంది. దాని అడుగున, మడమ అరిగినచోట, రబ్బరు కనపడనంతగా ఇనప రజను గుచ్చుకుని, లైటు వెలుగులో సన్నగా మెరుస్తోంది.